డాష్‌బోర్డు వెనుక తిరుగు దారి: పాత కారులో ఎర్త్ లోపాన్ని కనుగొనడం ఎలా?

పాత కారు పట్టణంలో కొందరికి ముచ్చట కావచ్చు. పల్లెలో మాత్రం అది బతుకుతెరువు. సంతకు సరుకు చేర్చేది, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి తీసుకుపోయేది, పెళ్ళిళ్ళ కాలంలో నాలుగు రూపాయలు సంపాదించి పెట్టేది అదే. ఈ విషయంలో మన ఆంధ్ర, తెలంగాణ పల్లెలకూ, ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ నుంచి రతన్‌పూర్ మీదుగా కట్‌ఘోరాకు పోయే రహదారి మీది బెల్తరా వంటి ఊళ్ళకూ పెద్ద తేడా లేదు.

ఇటువంటి ఊళ్ళలో నేటికీ తిరుగుతున్న వాహనాలలో కొన్నింటి తయారీ ఎన్నడో నిలిచిపోయింది. 1957లో ఉత్తరపాడాలో మొదలైన అంబాసిడర్ ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 కూడా 2014లోనే నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలాముందే సెలవు తీసుకున్నది. కొత్త విడిభాగాలు దొరకడం కష్టమవుతున్న ఈ రోజులలో, చెడని భాగాన్ని చెడినదనుకొని తీసి పారవేయడం కంటే పెద్ద నష్టం మరొకటి ఉండదు. డాష్‌బోర్డు వెనుక తలెత్తే ఎర్త్ లోపం సరిగ్గా ఇటువంటి నష్టాన్నే తెచ్చిపెడుతుంది. మీటరు చెడినట్లు, బ్యాటరీ చచ్చినట్లు, ఇంజను వేడెక్కినట్లు అది రకరకాల వేషాలు వేస్తుంది. అసలు దోషి తుప్పు పట్టిన ఒక చిన్న స్క్రూ కావచ్చు.

బ్యాంకు క్షేత్రాధికారికి కారు వైరింగుతో పనేమిటని మీరు అడగవచ్చు. వాహన రుణం తీసుకున్న వారికి ఆ వాహనమే ఆదాయం, ఆ వాహనమే హామీ. బండి వారం రోజులు షెడ్డులో ఉంటే ఆ వారం కిరాయి పోతుంది, దాని వెంట వాయిదా తప్పుతుంది. వైరింగులో నిప్పు పుడితే ఆదాయమూ, హామీ కూడా ఒకేసారి బూడిద అవుతాయి. కనుక ఈ లోపాన్ని గుర్తించే పద్ధతి రుణగ్రహీతకూ, పాత వాహనాలు అమ్మే డీలరుకూ తెలిసి ఉండటం అవసరం.

ఎర్త్ అంటే ఏమిటి?

బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు బల్బు వెలిగించి అక్కడితో ఆగిపోదు. అది తిరిగి బ్యాటరీకి చేరవలసిందే. పోయేందుకు ఒక తీగ, వచ్చేందుకు ఒక తీగ వేస్తే తీగల ఖర్చు రెట్టింపవుతుంది. అందుకని కారులో పోయే దారికి మాత్రమే తీగ వేసి, తిరిగి వచ్చే దారిగా బండి ఇనుప శరీరాన్నే వాడుకుంటారు. దానినే మన మెకానిక్కులు బాడీ ఎర్త్ అంటారు.

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో దీనికి కళ్ళెదుటే ఉదాహరణ ఉన్నది. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఆ పట్టణమే ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల నిమిత్తం తరాల క్రితం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవారికి ఈ సంగతి కొత్త కాదు. విద్యుత్ ఇంజను నెత్తిమీది తీగ నుంచి 25,000 వోల్టుల విద్యుత్తును అందుకుంటుంది. మోటార్లను తిప్పిన తరువాత ఆ కరెంటు చక్రాల గుండా పట్టాలలోకి దిగి సబ్‌స్టేషను వైపు మరలుతుంది. పైన కనిపించే తీగ ఒక్కటే అయినా, కింద పట్టా రెండవ తీగ పని చేస్తున్నది. ఆ దారి తెగకుండా ఉండేందుకే అవసరమైన చోట పట్టాలను లోహపు బంధాలతో కలుపుతారు. కారులో పై తీగ స్థానంలో రంగు వైర్లు ఉంటాయి, పట్టాల స్థానంలో బాడీ ఉంటుంది. కొలత చిన్నదే గాని సూత్రం ఒక్కటే.

మా వృత్తి భాషలో చెప్పాలంటే ఇది రుణం వంటిదే. బయటకు వెళ్ళినది తిరిగి రావాలి. వచ్చే దారిలో అడ్డంకి ఏర్పడితే వెళ్ళే దారి ఎంత బాగున్నా వ్యవహారం నిలిచిపోతుంది.

తిరుగు దారి ఎక్కడ చెడుతుంది?

బండి కొత్తగా ఉన్నప్పుడు లోహానికి లోహం శుభ్రంగా ఆనుకొని ఉంటుంది. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ పట్టు సడలుతుంది. డాష్‌బోర్డు వెనుక అందుకు కారణాలు చాలా ఉన్నాయి.

మొదటిది తేమ. ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు ఎండి పగిలితే వాన నీరు నేరుగా డాష్‌బోర్డు వెనక్కి దిగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు తడిసి ఆరే బండిలో స్క్రూల కింద తుప్పు పొర కడుతుంది. తుప్పు గుండా కరెంటు సరిగా పారదు.

రెండవది రంగు. బాడీకి కొత్తగా రంగు వేయించినప్పుడు ఎర్త్ స్క్రూ కూర్చునే చోట కూడా రంగు పూసి, దాని మీదనే స్క్రూ బిగిస్తారు. బండి మెరుస్తుంది, ఎర్త్ పోతుంది.

మూడవది అదనపు సామగ్రి. పాటల పెట్టె, ఫాగ్ లైట్లు, ఫోను ఛార్జరు, రంగు దీపాలు, ఇవన్నీ ఒకరి తరువాత ఒకరు అమర్చి, దగ్గరలో కనిపించిన స్క్రూకే ఎర్త్ తీగ చుట్టి వదిలేస్తారు. రెండు బల్బుల బరువు మోయవలసిన స్క్రూ పది పరికరాల బరువు మోయవలసి వస్తుంది.

నాలుగవది ప్లాస్టిక్కు. పాత ఇనుప డాష్‌బోర్డులో మీటర్ల డబ్బాకు బిగింపు ద్వారానే ఎర్త్ కొంత అందుతుంది. ప్లాస్టిక్ డాష్‌బోర్డు ఉన్న బండిలో ఆ అవకాశం లేదు. అక్కడ ఒకే ఒక నల్ల తీగ మీద మీటర్లన్నీ ఆధారపడతాయి.

ఇక ఎలుకల సంగతి పల్లెవారికి వేరే చెప్పనక్కరలేదు. వరి కోతల తరువాత ధాన్యం నిల్వ ఉన్న కొట్టం పక్కన నిలిపిన బండిలో అవి చేరితే తీగల తొడుగులు మిగలవు.

లక్షణాలను చదవండి

ఎర్త్ లోపం తనను తాను దాచుకుంటుంది గాని, గమనించేవారికి కొన్ని ఆనవాళ్ళు ఇస్తూనే ఉంటుంది. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందుగా ఎర్త్‌ను అనుమానించండి.

ఇండికేటరు వేస్తే మీటరు దీపాలు కూడా దానితోపాటు మసక మసకగా మిణుకుమంటాయి. హారను మోగించినప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు పెట్రోలు మీటరు ముల్లు కదులుతుంది. ఎడమ ఇండికేటరు వేస్తే కుడి బాణం గుర్తు కూడా నీరసంగా వెలుగుతుంది. డాష్‌బోర్డు మీద చేత్తో తడితే ఆరిన దీపం వెలుగుతుంది.

ఇది ఎందువల్ల జరుగుతుందో తెలుసుకుంటే వెతకడం తేలిక. మీటర్ల డబ్బాకు ఎర్త్ పోయిందని అనుకుందాం. ఇండికేటరు గుర్తు బల్బు గుండా వచ్చిన కరెంటుకు డబ్బా నుంచి బాడీకి దారి లేదు. అప్పుడు అది పక్కనే ఉన్న మీటరు దీపం గుండా వెనక్కి దూరి, ఆ దీపానికి కరెంటు తెచ్చే తీగ వెంట వెనుక లైట్ల దాకా పోయి, వాటి ఎర్త్ ద్వారా బ్యాటరీకి చేరుతుంది. తన వాకిలి మూసుకుపోయినవాడు పొరుగింటి దొడ్డిదారిన బయటపడినట్లన్న మాట. ఆ దారిలో ఉన్న బల్బులన్నీ కొద్ది కొద్దిగా కరెంటు పంచుకుంటాయి కనుక ఏదీ సరిగా వెలగదు, అన్నీ మసకగా వెలుగుతాయి. ఒక మీట నొక్కితే సంబంధం లేని మరో దీపం స్పందించడమే ఎర్త్ లోపానికి అన్నిటికంటే బలమైన గుర్తు.

ఇంతకంటే ప్రమాదకరమైన ఆనవాలు ఒకటున్నది. ఇంజను నుంచి బాడీకి వేసే మందపాటి ఎర్త్ పట్టీ తెగిపోతే, సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టరు లాగే వందకు పైగా ఆంపియర్ల కరెంటు మరో దారి వెతుక్కుంటుంది. డాష్‌బోర్డు కింద చోక్ కేబులు, ఆక్సిలరేటరు కేబులు, స్పీడోమీటరు కేబులు వంటివి ఇంజనుకూ బాడీకీ మధ్య ఉంటాయి. కరెంటు వాటి గుండా పారుతుంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే ఈ కేబుళ్ళలో ఏదైనా వేడిగా తగిలినా, పొగ వచ్చినా మళ్ళీ సెల్ఫ్ కొట్టకండి. పట్టీ వేసిన తరువాతనే బండి తీయండి.

రెండు ముళ్ళు చెప్పే సాక్ష్యం

ఒక ఉదాహరణ తీసుకుందాం. బెల్తరా, రతన్‌పూర్ మధ్య తిరిగే ఒక పాత అంబాసిడర్ ఉన్నదనుకోండి. తాళం తిప్పగానే పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ ఉండవలసిన దానికంటే పైకి పోతున్నాయి. యజమాని ఇంజను వేడెక్కుతున్నదని రేడియేటరు కడిగిస్తాడు, థర్మోస్టాట్ మారుస్తాడు. ముల్లు దిగదు. మరోవైపు పెట్రోలు సగం ఉన్నదని నమ్మి బయలుదేరితే దారి మధ్యలో ట్యాంకు ఖాళీ అవుతుంది.

ఇక్కడ ఆలోచించవలసినది ఒక్కటే. రెండు మీటర్లు ఒకేసారి, ఒకే రోజున, ఒకే విధంగా చెడిపోతాయా? చెడిపోవు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి. బైమెటల్ మీటర్లు ఉన్న పాత బళ్ళలో రెండు మీటర్లకూ కలిపి వోల్టేజి స్టెబిలైజరు అనే చిన్న రేకు డబ్బా ఒకటి వెనుక ఉంటుంది. బ్యాటరీ వోల్టేజి ఎలా మారినా మీటర్లకు సగటున 10 వోల్టులు మాత్రమే అందేలా చూడటం దాని పని. లోపల ఒక వేడి తీగ చుట్టిన లోహపు పత్తి ఉంటుంది. అది వేడెక్కి వంగినప్పుడు కరెంటు తెగుతుంది, చల్లారినప్పుడు మళ్ళీ కలుస్తుంది. ఆ వేడి తీగకు తిరుగు దారి డబ్బా రేకే. రేకుకు ఎర్త్ పోతే పత్తి వేడెక్కదు, కరెంటు తెగదు. పూర్తి 12 వోల్టులూ మీటర్లకు పోతాయి. రెండు ముళ్ళూ పైకి లేస్తాయి.

పరీక్ష సులభం. తాళం వేసి కొద్ది సెకన్లు ఆగి, స్టెబిలైజరు నుంచి మీటర్లకు పోయే తీగ వద్ద టెస్ట్ ల్యాంపు పెట్టండి. పాత బైమెటల్ రకమైతే దీపం వెలుగుతూ ఆరుతూ ఉండాలి. ఆగకుండా నిలకడగా వెలిగితే స్టెబిలైజరు రేకు నుంచి బాడీకి ఒక తీగ తాత్కాలికంగా కలపండి. ముళ్ళు కిందికి దిగితే రోగం తెలిసినట్లే.

ఇదే తర్కం మరికొన్ని చోట్ల కూడా పనికివస్తుంది. పెట్రోలు ముల్లు ఒక్కటే అడుగున ఉండి, వేడి ముల్లు బాగుంటే లోపం డాష్‌బోర్డులో కాదు, ట్యాంకు దగ్గర ఎర్త్‌లో గాని, ట్యాంకుకు పోయే తీగలో గాని ఉండవచ్చు. వేడి ముల్లు ఒక్కటే అడుగున నిలిచిపోతే ఇంజను ఎర్త్‌ను, సెన్సరు బిగింపును చూడండి. వేడి సెన్సరుకు ఎర్త్ ఇంజను ద్వారానే అందుతుంది. సెన్సరు మరలకు టేపు మందంగా చుట్టి బిగించినా ఎర్త్ తగ్గుతుంది. ఈ లోపాన్ని చిన్నచూపు చూడకండి. ముల్లు చల్లగా ఉన్నదని చూపుతుంటే, నీళ్ళు మరిగిపోతున్న ఇంజను చివరకు పట్టేస్తుంది. ఒక తీగ ముక్క ఖర్చుతో పోయేది ఇంజను పని దాకా వస్తుంది.

పనిముట్లు, జాగ్రత్తలు

ఖరీదైన పరికరాలేమీ అక్కరలేదు. ఒక మల్టీమీటరు, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, రెండు చివరలా క్లిప్పులున్న మూడు నాలుగు మీటర్ల తీగ, సరైన కొలత ఫ్యూజులు, గరుకు కాగితం, గుండ్రటి కన్నం గల టెర్మినళ్ళు, పళ్ళ వాషర్లు, టార్చి లైటు ఉంటే చాలు.

డాష్‌బోర్డు వెనుక చేయి పెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ తీగ విప్పండి. పరీక్ష సమయంలో మాత్రమే తిరిగి కలపండి. చేతి ఉంగరం, లోహపు గడియారం తీసివేయండి. పెట్రోలు వాసన ఉంటే ఆ కారణం తెలుసుకునే వరకు పని మొదలుపెట్టకండి. తీగలు విప్పే ముందు ఏది ఎక్కడిదో కాగితం మీద గీసుకోండి, లేదా ఫోనులో ఫోటో తీసుకోండి.

మరొక ముఖ్యమైన జాగ్రత్త. చాలా పాతకాలపు బ్రిటిషు బళ్ళలో బ్యాటరీ ప్లస్ కొసను బాడీకి కలిపేవారు. మీ బండిలో బాడీకి కలిసిన కొస ఏదో బ్యాటరీ దగ్గర స్వయంగా చూసి, ఆ తరువాతనే ముందుకు సాగండి. ఇక్కడ చెప్పిన పరీక్షలు మైనస్ కొస బాడీకి కలిసిన బళ్ళకు వర్తిస్తాయి. అదేవిధంగా, కంప్యూటరుతో పెట్రోలు అందించే ఇంజను ఉన్న బళ్ళలో ఆ కంప్యూటరు తీగలకు టెస్ట్ ల్యాంపు తగిలించరాదు. పసుపు తొడుగున్న ఎయిర్‌బ్యాగు తీగలను అసలే ముట్టుకోరాదు.

వెతికే క్రమం

చాలామంది చేసేదేమిటంటే, ఓమ్ మీటరు పెట్టి ఎర్త్ చూస్తారు. సూది కదిలితే బాగున్నదంటారు. ఇది మోసపుచ్చే పరీక్ష. వంద పోగుల తీగలో రెండు పోగులు మిగిలినా ఓమ్ మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకు అది చాలు. అసలు బరువు పడ్డప్పుడే దాని బండారం బయటపడుతుంది.

లెక్క చూడండి. 60 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల వద్ద 5 ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 2.4 ఓములు. తిరుగు దారిలో కేవలం అర ఓము తుప్పు చేరినా మొత్తం 2.9 ఓములవుతుంది. కరెంటు సుమారు 4.1 ఆంపియర్లకు, బల్బుకు అందే వోల్టేజి సుమారు 10కి పడిపోతుంది. వోల్టేజిలో ఆరవ వంతు తగ్గితే వెలుతురు దాదాపు సగానికి తగ్గుతుంది. అర ఓమును మామూలు మీటరులో చాలామంది సున్నాగానే లెక్కిస్తారు. అందుచేత ఎర్త్‌ను ఎప్పుడూ కరెంటు పారుతున్నప్పుడే, వోల్టులలోనే కొలవాలి.

మొదటి మెట్టు బ్యాటరీ. హెడ్‌లైట్లు వేసి, మీటరు నల్ల కొసను బ్యాటరీ మైనస్ సీసపు స్తంభం మీదనే పెట్టండి, బిగింపు మీద కాదు. ఎర్ర కొసను బిగింపు మీద, తరువాత బాడీ మీద, తరువాత ఇంజను మీద పెట్టి చూడండి. మీటరు 0.1 వోల్టు లోపు చూపితే మంచిది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజను వద్ద 0.5 వోల్టు దాటితే పట్టీ గాని, బిగింపు గాని బాగాలేదు. డాష్‌బోర్డు విప్పడానికి ముందే ఈ మెట్టు దాటాలి. మూలం చెడితే కొమ్మలను ఎంత వెతికినా ఫలితం ఉండదు.

రెండవ మెట్టు మీటర్ల డబ్బా. పొడవాటి తీగతో మీటరు నల్ల కొసను బ్యాటరీ మైనస్‌కు కలపండి. తాళం వేసి, చిన్న లైట్లు, ఇండికేటరు వేయండి. ఎర్ర కొసను మీటర్ల డబ్బా లోహం మీద పెట్టండి. 0.1 లోపు ఉంటే ఎర్త్ బాగున్నది. 0.2 వరకు సరిపెట్టుకోవచ్చు. అంతకు మించితే, ముఖ్యంగా ఇండికేటరుతోపాటు అంకె పైకీ కిందికీ ఊగుతుంటే, లోపం దొరికినట్లే.

మూడవ మెట్టు దారి వెంట నడవడం. డబ్బా నుంచి బ్యాటరీ వైపు ఒక్కొక్క అతుకు దగ్గర కొలుస్తూ రండి. బల్బు హోల్డరు రేకు, డబ్బా, నల్ల తీగ టెర్మినలు, ఆ తీగ బిగించిన స్క్రూ, డాష్‌బోర్డు ఫ్రేము, బాడీ. అంకె ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా పడిపోయిందో ఆ రెండింటి మధ్యనే లోపం ఉన్నది. వంతెన ఎక్కడ కూలిందో దారి వెంట నడిచి చూసినట్లే ఇది కూడా.

నాలుగవ మెట్టు రుజువు. బ్యాటరీ మైనస్ నుంచి మీటర్ల డబ్బాకు క్లిప్పుల తీగ కలపండి. దీపాలు, ముళ్ళు సరిగా పనిచేయడం మొదలుపెడితే మీ నిర్ణయం సరైనదే. మార్పు లేకపోతే ఎర్త్‌ను వదిలి వేరే కారణం వెతకండి.

తీగ రంగుల విషయంలో ఒక మాట. బ్రిటిషు సంప్రదాయంలో తయారైన బళ్ళలో నల్లనిది ఎర్త్, గోధుమ రంగుది ఎప్పుడూ కరెంటు ఉండేది, తెల్లనిది తాళం వేస్తేనే కరెంటు వచ్చేది, ఆకుపచ్చనిది తాళం వేశాక ఫ్యూజు దాటి వచ్చేది. అయితే నలుగురు చేతులు మారిన బండిలో రంగును నమ్మి కత్తెర పెట్టకండి. మీటరు చెప్పిన తరువాతనే నమ్మండి.

రెండవ రకం లోపం: దారి తప్పిన కరెంటు

ఇప్పటివరకు చెప్పినది తిరుగు దారి మూసుకుపోయే లోపం. దీనికి విరుద్ధంగా, కరెంటు ఉన్న తీగ తొడుగు అరిగి బాడీకి తగిలితే కరెంటు పనిచేయకుండానే అడ్డదారిన తిరిగిపోతుంది. మనవారు దీనిని షార్టు అంటారు. మొదటి లోపం ఆదాయాన్ని తింటుంది, రెండవది బండినే తింటుంది.

ఫ్యూజు మళ్ళీ మళ్ళీ పోతుంటే దాని స్థానంలో సిగరెట్టు రేకు, రాగి తీగ చుట్టకండి. ఫ్యూజు కాలడం మానితే తీగ కాలుతుంది. దానికి బదులు ఫ్యూజు చోట 21 వాట్ల ఇండికేటరు బల్బును రెండు తీగలతో కలపండి. షార్టు ఉన్నంతసేపూ ఆ బల్బు పూర్తిగా వెలుగుతుంది, తీగలు మాత్రం కాలవు. ఇప్పుడు ఆ ఫ్యూజు కింద ఉన్న పరికరాలను ఒక్కొక్కటిగా విప్పుతూ, తీగల కట్టను నెమ్మదిగా కదుపుతూ రండి. బల్బు మసకబారిన లేదా ఆరిన చోట దొంగ దొరుకుతాడు. ఎక్కువగా ఇంజను గదికీ డాష్‌బోర్డుకూ మధ్య రేకులోని కన్నం వద్ద, రబ్బరు ఊడిన చోట, స్టీరింగు కింద వంపుల వద్ద తీగలు ఒరుసుకుంటాయి.

కొన్ని పాత బళ్ళలో రెండే రెండు ఫ్యూజులుంటాయి. హెడ్‌లైటు తీగలకు, తాళానికి వచ్చే తీగకు ఫ్యూజు రక్షణే ఉండదు. ఆ తీగ బాడీకి తగిలితే ఆపేవాడు లేడు. ఇటువంటి బండికి బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్చి, హెడ్‌లైట్లకు వేరే ఫ్యూజు పెట్టించుకోవడం ఎంతో మేలు.

రాత్రి నిలిపిన బండికి పొద్దున సెల్ఫ్ పడకపోతే కరెంటు కారుతున్నదేమో చూడండి. అన్ని మీటలూ ఆపి, తలుపులు మూసి, బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్ల స్థానంలో పెట్టండి. మీటరు ఉండగా సెల్ఫ్ కొట్టరాదు. గడియారం, పాటల పెట్టె లేని బండిలో అంకె దాదాపు సున్నా ఉండాలి. అవి ఉంటే ఆంపియరులో కొన్ని వందల వంతులు మాత్రమే ఉండాలి. ఒక ఆంపియరు కారుతుంటే ఒక రోజులో 24 ఆంపియర్ గంటలు పోతాయి. 45 ఆంపియర్ గంటల బ్యాటరీలో అది సగానికి పైమాటే. కొత్త బ్యాటరీ కొన్నా దానికీ ఇదే గతి పడుతుంది.

బాగుచేసే పద్ధతి

లోపం దొరికిన చోట రంగు, తుప్పు పోయి లోహం మెరిసే వరకు గీకండి. తీగ చివరకు గుండ్రటి టెర్మినలు నొక్కి, పళ్ళ వాషరుతో బోల్టు బిగించండి. బిగించిన తరువాత పైన వాజిలీను లేదా గ్రీజు పూయండి. పూత పని నీటిని ఆపడం. కనుక అది బిగింపు తరువాతే గాని ముందు కాదు.

అంతకంటే శాశ్వతమైన పని ఒకటున్నది. డాష్‌బోర్డు వెనుక గట్టి లోహం మీద ఒక బోల్టును ఉమ్మడి ఎర్త్ స్థానంగా ఏర్పరచి, అక్కడి నుంచి బ్యాటరీ మైనస్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించండి. మీటర్ల డబ్బా, వైపరు, అదనపు పరికరాల ఎర్త్ తీగలన్నీ అక్కడికే తెచ్చి కలపండి. దీనికయ్యే ఖర్చు కొద్దిపాటిది. ఆ తరువాత లోపం వచ్చినా చూడవలసిన స్థానం ఒక్కటే. తీగలను మెలితిప్పి టేపు చుట్టి వదలకండి. ఎండకు టేపు జిగురు కరిగి ఊడిపోతుంది.

కొనేవారికి, అమ్మేవారికి

పాత బండి కొనేటప్పుడు రంగు, టైర్లు చూసి సరిపెట్టుకోకండి. ఐదు నిమిషాలు కేటాయించి తాళం తిప్పండి. ఛార్జింగు దీపం, ఆయిలు దీపం వెలగాలి, ఇంజను పడగానే ఆరాలి. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే బల్బు పోయి ఉండవచ్చు, లేదా లోపం కనిపించకుండా ఎవరో తీసివేసి ఉండవచ్చు. తరువాత హెడ్‌లైట్లు, ఇండికేటరు, వైపరు, హారను అన్నీ ఒకేసారి వాడి చూడండి. ముళ్ళు కదిలినా, దీపాలు కలిసి మిణుకుమన్నా ఆ మేరకు ధర తగ్గించమని అడగండి, లేదా బాగుచేసి ఇమ్మనండి.

డీలరు మిత్రులు ఈ పరీక్షను తామే జరిపి, చేసిన పనిని బిల్లులో రాసి ఇస్తే ఇరువర్గాలకూ మేలు. కొనుగోలుదారుడికి నమ్మకం, బ్యాంకుకు భరోసా, డీలరుకు మంచి పేరు. సొంత కారుకు 15 ఏళ్ళు నిండిన తరువాత రిజిస్ట్రేషను పొడిగింపుకు ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. దీపాలు, హారను, ఇండికేటర్లు సరిగా లేని బండి అక్కడ నిలబడదు.

బీమా విషయం కూడా గమనించండి. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే మీ బండి కాలిపోయినా మీకు పరిహారం రాదు. సమగ్ర బీమాలో అగ్ని ప్రమాదానికి రక్షణ ఉంటుంది గాని, తరుగుదలకు, కేవలం విద్యుత్ లోపానికి అయిన మరమ్మతుకు ఉండదు. అంటే తుప్పు పట్టిన ఎర్త్‌ను సరిచేయించే ఖర్చు ఎప్పుడూ మీదే. ఆ చిన్న ఖర్చును వాయిదా వేస్తే పెద్ద నష్టానికి దారి వేసినట్లవుతుంది. అప్పు తీరే వరకు బండికి సమగ్ర బీమా ఉంచడం మీ కుటుంబానికే క్షేమం.

గుర్తుంచుకోవలసిన అంశాలు

1. రెండు మూడు పరికరాలు ఒకేసారి చెడినట్లు కనిపిస్తే వాటికి ఉమ్మడిగా ఉన్న ఎర్త్‌ను ముందు చూడండి. విడిభాగం కొనడం ఆఖరి పని.

2. ఎర్త్‌ను కరెంటు పారుతున్నప్పుడు వోల్టులలో కొలవండి. దీపాల దారిలో 0.2 వోల్టు దాటితే వెతకండి.

3. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క అతుకు చూస్తూ డాష్‌బోర్డుకు రండి. మధ్యలో గెంతకండి.

4. ఫ్యూజుకు బదులు రేకు, తీగ వాడకండి. ఇంజను ఎర్త్ పట్టీ లేకుండా సెల్ఫ్ కొట్టకండి.

5. వానాకాలానికి ముందు ఒకసారి, కోతల తరువాత ఒకసారి ఎర్త్ స్క్రూలను విప్పి శుభ్రం చేసి బిగించండి. ఎలుకలు కొరికిన తీగలుంటే అప్పుడే మార్పించండి.

6. మీ వల్ల కాని పనిని అనుభవమున్న ఆటో ఎలక్ట్రీషియనుకు అప్పగించండి. అయితే ఏ స్క్రూ దగ్గర ఎన్ని వోల్టులు చూపిందో రాసుకొని వెళ్ళండి. ఆ కాగితం చూపితే అతనికి సగం పని, మీకు సగం కూలి తగ్గుతుంది.